పొద్దుటి కొలత

2023 వేసవి. అప్పట్లో నేను కోనసీమలో హైటెన్షన్ లైన్ల విభాగంలో ఏఈఈగా, అంటే అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పన్నెండేళ్ళ సర్వీసు. ఇళ్ళ ముందు స్తంభాలు, మీటర్లు, ఫ్యూజులు మా పని కాదు. పొలాల మీదుగా, కొబ్బరితోటల మీదుగా నాలుగు కాళ్ళ ఇనప టవర్ల మీద వెళ్ళే పెద్ద లైన్లు మావి. ఊళ్ళకి కరెంటు పంచే సబ్‌స్టేషన్ల దాకా దాన్ని మోసుకొచ్చేవి అవే. నేను చెప్పబోయేది అలాంటి ఒక 132 కేవీ లైను గురించి. లక్షా ముప్పై రెండు వేల వోల్టులు. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్తే చాలు, అదే వచ్చి పట్టుకుంటుంది.

ఆ లైను వేసిన రోజుల్లో కింద వరి ఉండేది, తోటలుండేవి. ఇప్పుడు వరిచేలు సగం రొయ్యల చెరువులయ్యాయి. చెరువుకి నాలుగైదు ఏరేటర్లు, అంటే నీళ్ళని చిలికి రొయ్యలకి గాలి అందించే చక్రాలు, రాత్రంతా తిరుగుతాయి. పగలు అమలాపురం నుంచి చిన్న పల్లె దాకా ఏసీలు తిరుగుతాయి. పాత తీగకి పగలూ లేదు రాత్రీ లేదు. అందుకని టవర్లు అవే ఉంచి తీగ మార్చాలని నిర్ణయించారు. దీన్ని రీకండక్టరింగ్ అంటాం. కొత్త తీగ దాదాపు రెండింతల కరెంటు మోస్తుంది. అంతకంటే ముఖ్యం, వేడెక్కినా పెద్దగా సాగదు. పాత తీగ సాగుతుంది. లోడు పెరిగి, ఎండ తోడై, తీగ వేడెక్కిందంటే రెండు టవర్ల మధ్య ఉయ్యాలలా కిందకి వేలాడుతుంది. ఆ వేలాడడాన్ని శాగ్ అంటాం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాని మీదే ఉంది.

తీగ మార్చాలంటే లైను ఆపాలి. ఆపడానికి ఇచ్చే అనుమతిని ఎల్‌సీ అంటాం, లైన్ క్లియర్. వేసవిలో ఎల్‌సీ అడిగితే పైనుంచి ఒకటే జవాబు: డిమాండు ఎక్కువగా ఉంది, ఇప్పుడు కుదరదు. డిమాండు ఎక్కువగా ఉందనే కదా తీగ మారుస్తున్నది అని ఎవరైనా అడిగితే ఆ మనిషి వైపు వింతగా చూస్తారు.

ఏప్రిల్ నెలాఖరున, లైను పొడవునా నడుస్తూ తనిఖీ చేస్తున్నాం, నేనూ, లైన్ ఇన్‌స్పెక్టర్ వెంకట్రావు గారూ. రిటైర్మెంటుకి ఏడాదే ఉన్న మనిషి. టవర్ని చూసి దాని నంబరు చెప్పగలరు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి నలభై ఒకటి, నలభై రెండు టవర్ల మధ్యకి వచ్చాం. రెండు పెద్ద రొయ్యల చెరువులు, వాటి మధ్య గట్టు. నాలుగు నెలల క్రితం మేం చూసినప్పుడు అది మనిషి నడిచే గట్టు. ఇప్పుడు మట్టి పోసి, రోలరు తొక్కించి, లారీ నడిచే రోడ్డు చేశారు. మా తీగలు సరిగ్గా దాని మీదుగా వెళ్తున్నాయి.

గట్టు చివర రేకుల షెడ్డు. అందులోంచి ఒకామె బయటికి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతికి మేత పొట్టు అంటుకుని ఉంది.

"అమ్మగారండీ, మీరు కరెంటోళ్ళాండీ?"

"అవునమ్మా."

"అయితే ఓ మాట చెప్పాలండి. మజ్జాన్నం పూట ఈ రేకు ముట్టుకుంటే జిల్లుమంటాదండి. పొద్దున్నేం ఉండదు. ఒంటిగంట దాటితే సైకిలు కూడా పట్టుకోలేపోతున్నామండి. మా ఆయన చెరువు గలాయన్తో చెప్పేడండి. ఆయనేమో చెప్పులేసుకోమన్నాడు."

ఆమె పేరు సత్యవతి. భర్త నూకరాజు. ఇద్దరూ ఆ చెరువుల దగ్గరే ఉండి మేత వేస్తారు, కాపలా కాస్తారు. పెద్ద వోల్టేజీ తీగ దగ్గరగా ఉంటే కింద ఉన్న లోహానికి తాకకుండానే కరెంటు పాకుతుంది, దాన్ని ఇండక్షన్ అంటాం. అది ఆమెకి ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే ఆమే ఇంకో మాట చెప్పింది.

"వైరు కూడా దిగిపోతాదండి. నమ్మరేమో. నేను షెడ్డు గుమ్మంలో కూచుని చూస్తానండి. పొద్దున్న ఆ అవతల కొబ్బరిచెట్టు మొవ్వు పైనుంటాదండి వైరు. మజ్జాన్నానికి మొవ్వు కిందకొచ్చేస్తాది."

వెంకట్రావు గారు నా వైపు చూశారు. "మనం చెప్పాల్సింది ఈవిడే చెప్పేత్తందండి," అన్నారు.

కేబుల్ హైట్ మీటరని ఒక చిన్న పరికరం ఉంటుంది. కింద పట్టుకుని నిలబడితే తీగ ఎంత ఎత్తున ఉందో చూపిస్తుంది. గట్టు మీద పెట్టాం. నాలుగు మీటర్ల తొంభై సెంటీమీటర్లు. మళ్ళీ చూశాం. అంతే. 132 కేవీ తీగ నేలకి ఆరు మీటర్ల పది సెంటీమీటర్ల కంటే కిందకి రాకూడదని చట్టం. లోడు నింపిన లారీ మీద మనిషి నిలబడితే అతని తల అటూ ఇటుగా ఐదు మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ లెక్క చెయ్యడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

చెరువుల యజమాని రోడ్డవతల కొత్త మేడలో ఉండేవాడు. వెళ్ళాం. చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, కొబ్బరిబోండాలు కొట్టించాడు.

"ముందు బోండాం తాగండి మేడంగారూ. ఎండలో వచ్చేరు."

"గట్టు తగ్గించాలండి. లైను కింద మట్టి ఎత్తు పెంచకూడదు. మా అనుమతి లేకుండా చేశారు."

"ఆయ్, తగ్గిద్దారండి. ఈ పంట ఎత్తేసేక తగ్గిద్దాం. ఇప్పుడు మేత లారీ రాకపోతే రొయ్యలేం తింటాయండీ? మీరే చెప్పండి."

"ఈలోగా లారీ మీద ఎవరైనా నిలబడితే చచ్చిపోతారండి."

ఆయన నవ్వాడు. "మా కుర్రోళ్ళు చూసుకుంటారండి. అయినా గట్టు నాది, వైరు మీది. మీ వైరు కిందకి దిగితే నా గట్టునంటారేంటండీ? పైకి లాక్కోండి. ఆయ్."

నోటీసు ఇచ్చాను. తీసుకుని సంతకం పెట్టాడు, మళ్ళీ ఎప్పుడొచ్చినా భోజనం చేసి వెళ్ళాలన్నాడు. మర్నాడు వెంకట్రావు గారు సరుగుడు కర్రలతో గట్టుకి రెండు వైపులా గుంజలు పాతించి, లారీ లోడు అంతకంటే ఎత్తు ఉండకుండా అడ్డకర్ర కట్టించారు. ఎర్ర బోర్డు పెట్టించారు. నాలుగో రోజుకి కర్రలు పీకి చెరువు గట్టున పడేసి ఉన్నాయి. బోర్డుని మేత బస్తాలకి చెమ్మ తగలకుండా కింద పరిచారు.

మధ్యాహ్నం కొలతని లేఖగా రాసి తీసుకుని మా ఈఈగారి దగ్గరికి వెళ్ళాను. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, మా డివిజనుకి పెద్ద. పేరు చెప్పను, చెప్పినా ఉపయోగం లేదు. రెండు అడిగాను. రీకండక్టరింగ్ సబ్‌స్టేషన్ వైపు నుంచి ఎల్‌సీ దొరికినప్పుడల్లా వరసగా జరుగుతోంది, ఆ వరస తప్పించి ముందు ఈ ముక్క చెయ్యాలి. అది కుదరకపోతే మధ్యాహ్నం నాలుగు గంటల పాటు ఈ లైను మీద కొంత లోడు తగ్గించి మరో వైపు నుంచి తెప్పించాలి.

"లోడు తగ్గిస్తే నాకు ఎంతమంది ఫోన్లు చేస్తారో తెలుసా అమ్మా?" అన్నారు.

"మనిషి పోతే ఒక్కరే చేస్తారు సార్."

అది ఆయనకి నచ్చలేదు. కాసేపు ఫైలు తిరగేసి అన్నారు: "మీరు కొలిచింది ఎప్పుడు?"

"మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి."

"అదే మరి. అది వర్స్ట్ కండిషన్. పొద్దున్నే ఓసారి కొలవండి. జాయింట్ ఇన్‌స్పెక్షన్ అని వేద్దాం."

నాకు అప్పుడే అర్థమైంది. పొద్దున్న తీగ చల్లగా ఉంటుంది. పైకి లాగినట్టు బిగిసి ఉంటుంది. వర్స్ట్ కండిషన్‌లో ఎంత ఉండాలన్నదే చట్టం. పెళ్ళినాడు తీయించుకున్న ఫోటో చూపించి ఈ మనిషికి జబ్బు లేదనడం లాంటిది ఆయన అడిగేది. ఆ మాట అన్నాను కూడా.

ఆయన గొంతు తగ్గించారు. "చూడండమ్మా. ఈ రిపోర్టులో నాలుగు తొంభై అని పెడితే అది హెడ్డాఫీసుకి వెళ్తుంది. వెళ్తే పనంతా ఆపి ఎంక్వయిరీ వేస్తారు. అప్పుడు మీ నలభై ఒకటి, నలభై రెండు ఈ ఏడాదికి అవదు. రిపోర్టు క్లీన్‌గా ఉంటే వచ్చే పదిహేను రోజుల్లో శని ఆదివారాలు మీకు ఎల్‌సీ ఇప్పించే పూచీ నాది. రెండు పగళ్ళలో ఆ సెక్షన్ అయిపోతుంది. మీకు కావలసింది పనా, కాగితమా?"

నాకు కావలసింది పని. అందుకే మే మొదటి వారంలో పొద్దున్న ఆరుగంటలకి, జాయింట్ అన్నారు కాబట్టి చెరువు యజమానిని కూడా పిలిచి, గట్టు మీదికి వెళ్ళాం. ఆరు మీటర్ల ఇరవై. పరికరం అబద్ధం చెప్పలేదు. మా రిపోర్టు ఫారంలో టవర్ నంబర్లకి ఒక గడి, ఎత్తుకి ఒక గడి, సంతకానికి ఒక గడి. ఏ వేళప్పుడు కొలిచారు, అప్పుడు లైను మీద లోడు ఎంత అన్నదానికి గడి లేదు. సత్యవతి షెడ్డు గుమ్మంలో నిలబడి చూస్తోంది. "అమ్మగారండీ, మజ్జాన్నం రండి," అంది. "మళ్ళీ వస్తానమ్మా," అన్నాను. సంతకం పెట్టాను.

ఈఈగారు మాట ఇచ్చిన శనివారం ముందు రోజు సాయంత్రం ఎల్‌సీ రద్దయింది. డిమాండు. ఆ తర్వాతి వారం కూడా అంతే. మూడోసారి అడిగితే, "క్లియరెన్స్ ఓకే అని మీరే రాసిన స్పాన్‌కి అంత తొందరేముందమ్మా?" అన్నారు. క్లియరెన్స్ అంటే నేల నుంచి తీగకి ఉన్న ఎత్తు, స్పాన్ అంటే రెండు టవర్ల మధ్య దూరం. ఆయన గొంతులో వెటకారం కూడా లేదు. మామూలుగా అడిగారు. కుర్చీలోంచి లేచి ఏం చెయ్యాలో తెలియక బయటికి వచ్చి జీపులో కూర్చున్నాను. ఆ రోజే మధ్యాహ్నం కొలతతో హెడ్డాఫీసుకి నేరుగా ఉత్తరం రాసి ఉండాల్సింది. రాయలేదు. వచ్చే వారం ఇస్తారేమో అనుకున్నాను.

మే ఆఖరి వారం. మధ్యాహ్నం రెండుంబావుకి సబ్‌స్టేషన్ షిఫ్టు ఆపరేటరు ఫోన్ చేశాడు.

"మేడం, లైను ట్రిప్పయ్యిందండి. ఆటో రీక్లోజ్ అయ్యి మళ్ళీ నిలబడిపోయిందండి. సప్లయ్‌కి ఏం ఇబ్బంది లేదండి."

ఆటో రీక్లోజ్ అంటే, లైను మీద ఏదైనా తగిలి బ్రేకరు పడిపోతే, ఒక సెకను ఆగి దానంతట అదే మళ్ళీ ఛార్జి చేసే ఏర్పాటు. కొమ్మో, పక్షో అయితే ఆపాటికి తప్పుకుని ఉంటుందని లెక్క. రిలే అనే పరికరం, ఆ తగలడం ఎంత దూరంలో జరిగిందో కిలోమీటర్లలో చూపిస్తుంది.

"రిలేలో దూరం ఎంత చూపించింది?"

ఆయన చెప్పాడు. నాకు పుస్తకం తెరవక్కర్లేకపోయింది. ఆ కిలోమీటరు ఏ రెండు టవర్ల మధ్య పడుతుందో నాకు తెలుసు. ఈఈగారికి చేస్తే ఆయన, "రీక్లోజ్ సక్సెస్ అయింది కదా, మంచిదే," అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మంచిదే.

మేం వెళ్ళేసరికి గట్టు మీద జనం. మేత లారీ అక్కడే ఉంది. నూకరాజు బస్తాల మీదకెక్కి పైన కట్టిన తాడు విప్పడానికి నడుము నిటారు చేసి లేచాడు. అంతే. డ్రైవరు పెద్ద చప్పుడు విన్నానన్నాడు. నూకరాజు లారీ మీంచి చెరువు అంచున బురదలో పడ్డాడు. పడిపోయాడు కాబట్టి తీగకి అడ్డు తొలగింది. అడ్డు తొలగింది కాబట్టి రీక్లోజ్ సక్సెస్ అయింది. కోనసీమలో ఒక్క ఫ్యాను కూడా ఆగలేదు.

అప్పటికే అతన్ని అమలాపురం తీసుకెళ్ళారు, అక్కడ నుంచి కాకినాడ పంపించారు. బతికాడు. కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. కాలి మడమ దగ్గర కరెంటు బయటికి వెళ్ళిన చోట పెద్ద గాయం.

మూడో రోజు కాకినాడ ఆసుపత్రికి వెళ్ళాను. సత్యవతి వార్డు బయట నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ మర్యాద నేను భరించలేకపోయాను.

"కూర్చోమ్మా."

"అమ్మగారండీ, ఒకటి అడుగుతాను. మీరు పొద్దున్నొచ్చి కొలిచేరు కదండీ. సరిపోయిందని రాసేరంట కదండీ. చెరువు గలాయన చెప్పేడండి. కరెంటోళ్ళు బాగుందని రాసిచ్చేరు, మీ ఆయనదే తప్పు అన్నాడు. నిజమాండీ?"

"రాశాను."

"మజ్జాన్నం రమ్మన్నాను కదండీ."

ఆమె గట్టిగా అనలేదు. ఏడవలేదు. నా జవాబు కోసం ఎదురుచూసింది. ఎల్‌సీ అని, వరస అని, పూచీ అని ఆమెకి ఏం చెప్పను? మెట్లు దిగి వస్తుంటే నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఆయన మీద, ఆ మర్యాదస్తుడి మీద, అన్నిటికంటే ముందు నా మీద. ఆ కోపంలోనే తిరుగు ప్రయాణం చేశాను. రావులపాలెం జంక్షన్‌లో అరటిగెలల లారీలు అడ్డం వచ్చి అరగంట ఆగిపోతే, ఆ అరగంటలో ఏం చెయ్యాలో నిర్ణయించుకున్నాను.

మర్నాడు ఈఈగారి టేబులు మీద ప్రమాదం రిపోర్టు సిద్ధంగా ఉంది. బాధితుడు నిర్లక్ష్యంగా లారీ పైకెక్కి, నిబంధనల ప్రకారం తగిన ఎత్తులో ఉన్న విద్యుత్ తీగకి సమీపంగా వెళ్ళడం వల్ల ప్రమాదం జరిగింది. జతపరచినది: జాయింట్ ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, ఆరు మీటర్ల ఇరవై, ఏఈఈ సంతకం.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా. అందరం బయటపడతాం."

"నేను పెట్టను సార్."

"పాతదాని మీద ఉంది కదా మీ సంతకం. ఇప్పుడు కాదంటే మునిగేది మీరే."

"మునుగుతాను."

ఆయన ముఖం ఎర్రబడింది. "మీ ఒక్కరికే మనసుందనుకుంటున్నారా? ముప్పై ఏళ్ళుగా ఈ లైన్లు నిలబెట్టింది ఎవరు?"

"లైన్లు నిలబడ్డాయి సార్. మనిషి పడ్డాడు." నా గొంతు బయట వరండాలోకి వినిపించిందట. తర్వాత గుమస్తాలు చెప్పారు. పన్నెండేళ్ళ సర్వీసులో నేను గొంతు పెంచింది అదే మొదలు.

ఇలాంటి ప్రమాదం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి విచారించాలి. అది మా సంస్థ కాదు, వేరే ప్రభుత్వ శాఖ. జూన్ మొదటి వారంలో ఒక రోజు పొద్దున్న పదింటికి వస్తామని కబురు వచ్చింది. నేను ఆయనకి ఫోన్ చేసి ఒకటే అడిగాను: మధ్యాహ్నం రెండింటికి రండి అని. ఎందుకని అడిగారు. ప్రమాదం ఆ వేళకే జరిగింది కాబట్టి అన్నాను. సరేనన్నారు.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదింటికి వెంకట్రావు గారు ఫోన్ చేశారు.

"మేడం, గట్టు మీదకి జేసీబీ తెచ్చేరండి. తవ్వేత్తన్నారు. మజ్జాన్నానికి గట్టు మామూలుగా చేసేద్దారని. మీరు తొందరగా రండి. సత్యవతి బకెట్టుకి అడ్డంగా కూచుందండి."

నేను వెళ్ళేసరికి జేసీబీ ఆగి ఉంది. దాని ముందు మట్టిలో సత్యవతి బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. భర్త బట్టలు తీసుకెళ్దామని కాకినాడ నుంచి వచ్చి, ఇది చూసిందట. యజమాని గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"లే అమ్మా. మీ కోసమే తగ్గిత్తన్నాం. మేడంగారే తగ్గించమన్నారు, నోటీసు కూడా ఇచ్చేరు."

"గట్టు తప్పయితే మా ఆయన లారీ ఎక్కకముందు తవ్వాలండి," అంది ఆమె. "ఇప్పుడు తవ్వితే మీ తప్పు కప్పుకోడానికండి. మజ్జాన్నం దాకా ఇక్కడే కూచుంటాను. నా మీంచి తవ్వుకోండి."

ఆయన నా వైపు తిరిగాడు. "చూడండి మేడంగారూ, చదువు లేనోళ్ళతో ఎలా చెప్పాలండీ?"

"ఆమెకున్నపాటి తెలివి మన ఇద్దరికీ లేకపోయింది," అన్నాను. "ఇంకో బకెట్టు మట్టి ఎత్తితే, ప్రమాదస్థలంలో సాక్ష్యం చెరిపారని పోలీసు స్టేషన్లో నేనే రాసిస్తాను. ఆ కాగితం మీద నా సంతకం పెట్టడానికి ఏమీ ఆలోచించను."

జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేసి దిగిపోయాడు. సత్యవతి లేవలేదు. వెంకట్రావు గారు తన గొడుగు ఆమె మీద పట్టుకుని పక్కన నిలబడ్డారు. చుట్టుపక్కల చెరువుల పనివాళ్ళు ఒక్కొక్కళ్ళే వచ్చి గట్టు మీద కూర్చున్నారు. అలా ఆరు గంటలు. జూన్ ఎండ.

ఇన్‌స్పెక్టరు గారు రెండింటికి వచ్చారు. మా ఈఈగారూ వచ్చారు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఆ నిమిషానికి లైను మీద లోడు ఎంతో అడిగి రాసుకున్నారు. పరికరం గట్టు మీద పట్టారు. ప్రమాదం రోజు కంటే లోడు కొంచెం తక్కువే. అయినా నాలుగు మీటర్ల తొంభై ఐదు. ఇన్‌స్పెక్టరు గారు ఆ అంకెని ఇంకోసారి చూసి, ఫైల్లోంచి నా రిపోర్టు తీశారు.

"నెల కిందట ఆరు ఇరవై అని ఉంది. ఇది మీ సంతకమేనా?"

"నాదేనండి. అది కూడా నిజమైన కొలతే. పొద్దున్న ఆరుగంటలకి తీసింది. వేళ రాయలేదు. అంతకుముందు నేనే మధ్యాహ్నం కొలిస్తే నాలుగు తొంభై వచ్చింది, దాన్ని లేఖగా ఇచ్చాను. ఆ లేఖ కాపీ నా దగ్గరుంది. అది తెలిసి కూడా ఇది పెట్టాను."

"ఎందుకు పెట్టారు?"

ఈఈగారు నా వైపు చూస్తున్నారు. "ఈ సంతకం పెడితే రెండు రోజులు లైను ఆపి తీగ మార్చనిస్తామన్నారు. పెట్టాను. ఆపలేదు."

ఇన్‌స్పెక్టరు గారు అన్నీ రాసుకున్నారు. తర్వాత షెడ్డు గుమ్మంలో సత్యవతిని కూర్చోబెట్టి, కొబ్బరిచెట్టు మొవ్వు గురించి ఆమె చెప్పింది కూడా ఆమె మాటల్లోనే రాసుకున్నారు. వేలిముద్ర వెయ్యమంటే ఆమె, "కాదండి, సంతకం వచ్చండి నాకు," అని పెన్ను అడిగి తీసుకుంది.

విచారణలో తప్పు సంస్థదీ, చెరువు యజమానిదీ అని తేలింది. బాధితుడి నిర్లక్ష్యం అన్న మాట తీసేశారు. నష్టపరిహారం ఆలస్యంగానైనా వచ్చింది. నూకరాజు కోలుకున్నాడు. చెరువు పని మానేసి ఇద్దరూ ఒక కొబ్బరిపీచు యార్డులో చేరారు. ఆమె పీచు ఆరబోస్తుంది, అతను ఎడంచేత్తో బేళ్ళ మీద నంబర్లు వేస్తాడు. ఆ మధ్య కలిసినప్పుడు ఎడంచేత్తో రాసింది చూపించి, "మొదట్లో కోడి కెలికినట్టుండేదండి, ఇప్పుడు ఫర్లేదండి," అన్నాడు. సత్యవతి నాతో మాట్లాడుతుంది. క్షమించిందని అనుకోను. అడగలేదు కూడా.

నాకు ఛార్జ్‌మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది, బదిలీ అయింది. అవి న్యాయమే. ఈఈగారికి కూడా మెమో వచ్చింది. ఆయన ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టి, తిరిగి వచ్చి, ఇంకా మంచి సీట్లో కూర్చున్నారు. మా డివిజను నుంచి వెళ్ళేటప్పుడు వీడ్కోలు సభలో ఆయన హయాంలో సరఫరాకి అంతరాయం రాలేదని పొగిడారట.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వని విషయం ఇంకోటి. నలభై ఒకటి, నలభై రెండు ఉన్న ఆ సెక్షన్‌లో తీగ ఆగస్టులో మార్చారు. నేను బదిలీ మీద వెళ్ళేముందు చేయించిన ఆఖరి పని అదే. ఎల్‌సీ ఇచ్చారు. శనివారం పొద్దున్న మొదలుపెట్టి ఆదివారం చీకటి పడకముందే లైను ఛార్జి చేశాం. అమలాపురంలో ఎవరూ ధర్నా చెయ్యలేదు. రొయ్యలు చావలేదు, జనరేటర్లు వేసుకున్నారు. మంత్రులెవరూ ఫోన్ చెయ్యలేదు. రెండు పగళ్ళు. ఒక మనిషి చేతికంటే ఎక్కువని మా వాళ్ళు అనుకున్నది ఆ రెండు పగళ్ళనే.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు, బయటివాళ్ళు కూడా నన్ను అడుగుతుంటారు, ఒత్తిడి వస్తే ఏం చేస్తారని. లంచం తీసుకుని తప్పుడు కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళ గురించి అందరికీ తెలుసు. నేను పైసా తీసుకోలేదు. మంచి పని జరుగుతుందని పెట్టాను. నా సంతకాన్ని బేరంలో పెట్టి ఎల్‌సీ కొనుక్కుందామనుకున్నాను. ఆ సంతకం ఇచ్చిన నిమిషం నుంచి ఎల్‌సీ అడిగే హక్కు నాకు లేకుండా పోయింది. ఎందుకంటే ప్రమాదం లేదని రాసింది నేనే. ఇది అర్థం కావడానికి నాకు నూకరాజు చెయ్యి కావలసివచ్చింది. అందుకే ఇప్పుడు నా కింద పనిచేసేవాళ్ళ కొలతల్లో వేళా, లోడూ లేకపోతే తిప్పి పంపిస్తాను. పైవాళ్ళు దేనికైనా బదులుగా సంతకం అడిగితే, ఆ అడిగిన మాటనే కాగితం మీద రాసివ్వమంటాను. ఇప్పటిదాకా ఒక్కరూ రాసివ్వలేదు.